ప్రకటనలు లేని కామెంటరీ

ఆ వానాకాలం మా లాండ్రీలో ఒక్క బట్టా తనంతట తాను ఆరలేదు. ప్రతిదాన్నీ యంత్రంలో వేసి తిప్పి, ఇస్త్రీపెట్టెతో బతిమాలి, ఆవిరి వదిలించి పంపాల్సి వచ్చేది. కొట్టు నిండా తడి వాసన, సబ్బు వాసన, వేడెక్కిన గుడ్డ వాసన. వాటి మధ్య గోడకి ఒక టీవీ, ఆ టీవీకి ఎదురుగా మంచం, ఆ మంచం మీద మా మామగారు.

వానలు మొదలైన కొత్తలోనే ఆయన కొట్టు గచ్చు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయితే అయింది గానీ మెట్లెక్కి మేడ మీదున్న ఇంట్లోకి వెళ్ళే ఓపిక లేదు. మంచాన్నే కిందికి దించి కొట్లో ఓ వారగా వేశాం.

"ఇన్నేళ్ళూ నిలబడి చేశాను వ్యాపారం. ఇక పడుకుని చేస్తాను" అన్నారాయన. అన్నట్టే మంచం మీంచే బేరాలాడేవారు, మంచం మీంచే నన్నూ మా అత్తగారినీ పరిగెత్తించేవారు. కానీ ఆయన ప్రాణమంతా శనివారం సాయంత్రం మీద ఉండేది. ఆ సాయంత్రం మా ఆడపడుచు ఆట.

మా ఆడపడుచుని ఇంట్లో అందరం చిన్నది అంటాం. వయసులోనే చిన్నది. నిలబడితే మా ఇంటి గుమ్మాలన్నీ తలొంచుకోమంటాయి. ఊరి మహిళల ఫుట్‌బాల్ జట్టుకి అదే గోల్‌కీపరు. ఆట చూసేవాళ్ళు దాన్ని 'గోడ' అని పిలిచేవారు.

రెండేళ్ళ కిందట అది బ్యాంకు ఉద్యోగం మానేసి జట్టులో చేరతానన్న రోజున అత్తగారు ఇస్త్రీ చేస్తున్న చొక్కా మీంచి తలెత్తకుండా ఒకే ఒక్క మాటన్నారు: "ఆ ఆట చూడ్డానికి నేను ఈ గడప దాటను."

ఆవిడ మాటంటే మాటే. చిన్నది జట్టు హాస్టలుకి మారిపోయింది. ఆదివారాలు వచ్చేది, తినేది, నాన్న పక్కన కాసేపు ఒరిగేది. తల్లీకూతుళ్ళు వాన గురించీ నీళ్ళ గురించీ మాట్లాడుకునేవారు. ఆట ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తేవారు కాదు. కానీ ఆ ఆటలు టీవీలో కూడా వస్తాయని తెలిశాక అత్తగారు తన మాటలోనే ఒక సందు కనిపెట్టారు. టీవీ గడపకి ఇవతలే ఉంది కదా! శనివారం సాయంత్రమయ్యేసరికి ఆవిడ ఇస్త్రీబల్ల మెల్లిమెల్లిగా జరిగి, సరిగ్గా టీవీ కనబడేచోట ఆగేది.

"ఇక్కడ వెలుతురు బాగుంది" అనేవారు, ఎవరూ అడక్కుండానే.

ఆటలు చూపించే ఆప్ ఒక్కటే. సీజన్ మొదలవుతూనే వాళ్ళ దగ్గర్నుంచి మా ఆయన ఫోనుకి సందేశం వచ్చింది. మీకు మరింత మంచి అనుభూతి అందించడం కోసం మా ధరలు సవరిస్తున్నాం, అని.

"సవరించడం అంటే తగ్గించడమా?" అన్నారు మామగారు ఆశగా.

"కిందికి సవరించినవాణ్ణి ఎప్పుడైనా చూశావా నాన్నా?" అన్నాడు మా ఆయన. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పైకీ కిందికీ పోయే వాటి సంగతి ఆయనకి బాగా తెలుసు.

సరే, కట్టాం. ఆ శనివారమే ప్రకటనలు కూడా మొదలయ్యాయి. పరుపు ప్రకటన అది. తెల్లటి పైజమా వేసుకున్న ఒక మనిషి చేతులు చాపుకుని వెనక్కి పడతాడు, పరుపు మీద రెండుసార్లు ఎగురుతాడు, కళ్ళు మూసుకుని "హాయి... హాయి... హాయి" అంటాడు. ఆటలో ఎవరు ఎక్కడున్నా సరే, వాడికి నిద్ర ముంచుకొచ్చేది.

"ఇదేమిట్రా, డబ్బు తీసుకుని కూడా వీణ్ణి చూపిస్తారేం?" అని మామగారు మంచం మీద లేవబోయి మూలిగారు.

"ప్రకటనలు వద్దనుకుంటే పై తరగతికి మారాలట నాన్నా. ఇంకొంచెం కట్టాలి."

మారాం. రెండు శనివారాలు ఇల్లు స్వర్గంలా ఉంది. మూడోసారి కొత్త సందేశం: పై తరగతి వారికి ఇకపై పరిమితంగా మాత్రమే ప్రకటనలు.

"పరిమితమా! దేనికి పరిమితం, వాడి సిగ్గుకా?" అన్నారు మామగారు.

ఫోను చేస్తే ఒక తియ్యటి గొంతు "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అంది. మామగారు ఫోను లాక్కుని, "చింతించడం నేను చూసుకుంటానమ్మా, మీరు ప్రకటనలు ఆపెయ్యండి" అన్నారు. అది మనిషి గొంతు కాదని మేము చెప్పేలోపు ఆవిడ బాగోగులు కూడా అడిగారు.

మా పక్క కొట్టు బేకరీ ఆయనది. శనివారాలు ఆయన పిండి చేతులతోనే వచ్చి మా గుమ్మంలో నిలబడేవాడు. బట్టలివ్వడానికొచ్చే బస్సు డ్రైవరు సంచి దింపి ఆ సంచి మీదే కూర్చుని ఆటంతా చూసేవాడు. "మా కేకు కొని తింటున్నవాడి నోట్లోంచి ముక్క లాగేసి, ముందు ఇంకో కేకు గురించి వినండి అంటే ఊరుకుంటారుటండీ?" అనేవాడు బేకరీ ఆయన. అందరం నవ్వేవాళ్ళం. నవ్వుతూనే చూసేవాళ్ళం. చూడకేం చేస్తాం, చిన్నది అందులో ఉంటే.

అలా నవ్వుకుంటూ ఉండగానే ఆ శనివారం వచ్చింది.

ఆట మా ఊళ్ళోనే. బయట కుండపోత. రెండు జట్లూ చెరో గోల్ మీద ఉన్నాయి. ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా రిఫరీ ఈల ఊది, అవతలి జట్టుకి పెనాల్టీ ఇచ్చాడు. కొట్లో అందరూ ఒక్కసారిగా 'అన్యాయం' అన్నారు. పచ్చచొక్కా పిల్ల ఒకతె బంతిని నేల మీద పెట్టి వెనక్కి వెనక్కి నడిచింది. చిన్నది రెండు గ్లవుజులూ టపటపా చరుచుకుని, మోకాళ్ళు వంచి, చేతులు చాపి నిలబడింది. అత్తగారి చేతిలో ఇస్త్రీపెట్టె గాల్లోనే ఆగిపోయింది. పచ్చచొక్కా పిల్ల పరుగు అందుకుంది.

తెల్ల పైజమా మనిషి చేతులు చాపి వెనక్కి పడ్డాడు.

"హాయి..."

"లేవరా ఒరేయ్!" అని డ్రైవరు టీవీ మీదికి అరిచాడు. బేకరీ ఆయన నెత్తి కొట్టుకుంటే నెత్తంతా పిండయింది. వాడు ఎగిరాడు, దొర్లాడు, మూడుసార్లూ హాయి అన్నాక గానీ వదల్లేదు. తెర మీద మళ్ళీ మైదానం వచ్చింది.

చిన్నది గోలు స్తంభం పక్కన బోర్లా పడి ఉంది. కదలడం లేదు. ఎవరో సంచి పట్టుకుని పరిగెత్తుకొస్తున్నారు. మన పిల్లలు తలల మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

అంతే, మళ్ళీ పరుపు.

"అదేమిటే, పడిపోయిందేమిటి? నువ్వు చూశావా? చెయ్యి కదిలిందా?" అత్తగారి గొంతు నేనెప్పుడూ వినని గొంతు. "ఆపవే! ఆపు వాణ్ణి!"

రిమోటు మీదున్న బొత్తాలన్నీ నొక్కాను. శబ్దం పెరిగింది గానీ మనిషి పోలేదు. కొట్టు దద్దరిల్లేలా "హాయి" అన్నాడు. మామగారు చిన్నదాని ఫోనుకి చేశారు, ఎత్తేదెవరు? నేను వెనక్కి తిరిగి చూసేసరికి ఇస్త్రీపెట్టె బల్ల మీద నిలబెట్టి ఉంది. అత్తగారు లేరు.

రోడ్డు మీద, వానలో, చెప్పులైనా లేకుండా నా స్కూటరు పక్కన నిలబడి ఉన్నారు.

"తియ్యి" అన్నారు.

తీశాను. ఆ వానలో నేను స్కూటరు నడిపానో, అదే నన్ను ఈడ్చుకుపోయిందో తెలియదు. గుంటలన్నీ నీళ్ళతో నిండి రోడ్డంతా ఒకే చెరువులా ఉంది. సిగ్నల్ దగ్గర ఆగితే అత్తగారు నా భుజం మీద గట్టిగా గుద్దారు, ఆ దీపాన్ని నేనే వెలిగించినట్టు. 

మైదానం గేటు దగ్గర కాపలా మనిషి గొడుగు కిందనుంచి చెయ్యి చాపాడు. "టిక్కెట్టు?"

"లోపల పడిపోయింది మా అమ్మాయి" అన్నారు అత్తగారు.

అతను ఆవిడ కాళ్ళకేసి చూశాడు, మొహంలోకి చూశాడు. "ఇంకా పడుండటమేమిటమ్మా? బంతిని బయటికి తోసేసి స్తంభానికి గుద్దుకుంది. లేచింది కూడా. గోడ ఎక్కడైనా పడుతుందా?" అని గేటు తీసేశాడు.

లోపలికి పరిగెత్తాం. చిన్నది గోలు ముందు నిలబడి ఉంది. తలకి తెల్లటి కట్టు, కట్టు మీద బురద. అత్తగారు గోలు వెనకున్న ఇనుప కంచె దాకా వెళ్ళి రెండు చేతులా దాన్ని పట్టుకున్నారు. అప్పుడే పచ్చచొక్కాలు మళ్ళీ దూసుకొచ్చాయి.

"కుడివైపే! కుడివైపు చూడవే తల్లీ!"

ఆ అరుపు నా చెవి పక్కనే పేలింది. చిన్నది కుడివైపుకి ఎగిరింది, బంతిని పొట్టకి హత్తుకుని బురదలో పడి దొర్లింది. లేచి నిలబడి, మెల్లిగా వెనక్కి తిరిగింది. కళ్ళమీది వాన నీళ్ళు మోచేత్తో తుడుచుకుని కంచెకేసి చూసింది. ఒక గ్లవుజు భుజం దాకా ఎత్తి దించింది. మళ్ళీ ఆట వైపు తిరిగింది. అత్తగారూ చెయ్యి ఊపలేదు. కంచె మాత్రం వదల్లేదు.

నా ఫోను మోగింది. మామగారు. "ఏమైందమ్మా? వీడింకా పరుపు మీదే దొర్లుతున్నాడు! నా బిడ్డ ఏమైంది?"

ఫోను అత్తగారి చెవికి ఆనించాను.

"ఏమండీ, లేచిందండీ. నిలబడింది. తలకి కట్టు కట్టారు. ఇదిగో, ఆ మోకాలి దగ్గర మరకున్న పిల్ల మళ్ళీ వస్తోంది. దాని మొహం మండ, అటు పొమ్మంటే ఇటే వస్తుందేం! మనవాళ్ళలో భుజం కుట్టు ఊడిన పిల్ల అడ్డం వెళ్ళింది. లాక్కుంది! లాక్కుందండీ! తన్నెయ్యవే, ఇంకా చూస్తావేం!"

ఆ ఫోను ఆట అయ్యేదాకా ఆవిడ చెవి దగ్గరే ఉంది.

ఆట సమానంగా ముగిసింది. చిన్నది నేరుగా కంచె దగ్గరికి వచ్చింది. తల్లీకూతుళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"అమ్మా, చెప్పులేవీ?"

"కొట్లో ఉన్నాయి."

"జలుబు చేస్తుంది."

"నీకు చెయ్యదేం?"

నేను అవతలికి తిరిగి, వాన వెలిసిందేమో అన్నట్టు ఆకాశంకేసి చూశాను.

ఇంటికొచ్చాక మామగారు చెప్పిన మొదటి మాట: "ఆ ఆప్ తీసిపారెయ్యండిరా. మీ అమ్మ నోటి ముందు అదెంత!" మా ఆయన ఆ సాయంత్రమే ఆ పనికి కూర్చున్నాడు. మానేస్తాం అని నొక్కితే, నిజంగానా అని అడిగింది. నిజంగానే అంటే, మరోసారి ఆలోచించుకోండి అంది. ఆలోచించుకున్నాం అంటే, మేము మిమ్మల్ని మిస్సవుతాం అంది.

"అమ్మాయి ఉద్యోగం మానేసినప్పుడు కూడా మనం దాన్ని ఇన్నిసార్లు అడగలేదే" అన్నారు మామగారు. అత్తగారు కాళ్ళు తుడుచుకుంటున్నారు. ఆ మాటకి ఒక క్షణం ఆగి, మళ్ళీ తుడుచుకున్నారు.

అప్పట్నుంచి మా శనివారాలు చూడాలి! మధ్యాహ్నం నుంచే అత్తగారు హడావుడి. గొడుగు, మజ్జిగ సీసా, నిండా ఛార్జి ఎక్కించిన ఫోను. కొట్లో మామగారి మంచం పక్కన స్టూలు, స్టూలు మీద మా ఫోను, ఫోనుకి మా ఆయన ఎక్కడినుంచో తెచ్చి తగిలించిన స్పీకరు. మొదట్లో బేకరీ ఆయనా, డ్రైవరూ. తర్వాత డ్రైవరు తోటి డ్రైవర్లు. తర్వాత, ఇస్త్రీకి ఇవ్వడానికి బట్టలే లేనివాళ్ళు కూడా ఒక రుమాలు పట్టుకుని వచ్చి కూర్చునేవారు.

అత్తగారికి నియమాలు రావు. రాకపోవడమే మా అదృష్టం. "గీత దాటిందని మన గోలు చెల్లదన్నారండీ! ఎవరు గీశారో ఆ గీత, నాకైతే కనబళ్ళేదు." "ఆ నల్ల లాగు రిఫరీ ఉన్నాడే, వాడి చొక్కాకి ఇస్త్రీ లేదు, బుర్రకి న్యాయం లేదు." ఆటగత్తెల పేర్లు ఆవిడకి అక్కర్లేదు, మరకలూ కుట్లూ చాలు. కొన్నాళ్ళకి కొట్లో అందరూ అవే పేర్లతో పిలవడం మొదలెట్టారు. భుజం కుట్టు పిల్ల గోల్ వేసిన రోజున డ్రైవరు బేకరీ ఆయన్ని ఎత్తి గిరగిరా తిప్పాడు.

ఒకసారి ఆట విరామంలో నేను గొంతు సవరించుకుని, "ఉతికిన దుప్పట్లు పేరుకుపోయాయి, దయచేసి ఎవరివి వాళ్ళు తీసుకెళ్ళండి" అన్నాను.

"ప్రకటనలు వద్దు!" అని కొట్టు కొట్టంతా ఒకే గొంతుతో అరిచింది. అందరికన్నా గట్టిగా అరిచింది మా మామగారు.

ఆటలు పొరుగూళ్ళలో పడితే అత్తగారు అభిమానుల బస్సెక్కేవారు. ఆవిడ వయసులో సగం కూడా లేని పిల్లల మధ్య కిటికీ సీటు ఆవిడది. ఆదివారాలు చిన్నది వస్తే ఇప్పుడు వాన గురించి ఎవరు మాట్లాడతారు? "నిన్న ఎడమవైపు ఎందుకొదిలావు?" "వదల్లేదమ్మా, అది మోసపు తన్ను." "నాకు కంచె అవతలనుంచే కనబడింది, నీకు కనబడదా?" అలా పోట్లాడుకునేవారు. మామగారు కళ్ళు మూసుకుని ఆ పోట్లాట వినేవారు, సంగీతం వింటున్నట్టు.

వానలు తగ్గుముఖం పట్టేసరికి మన జట్టు ఫైనల్‌కి చేరింది. ఆట చాలా దూరపు ఊళ్ళో. తెల్లవారుతూనే అత్తగారు బస్సెక్కారు. ఇక్కడ కొట్లో నిలబడ్డానికి చోటు లేదు. తలుపు బయట మెట్ల మీద, యంత్రాల మీద, ఉతకాల్సిన మూటల మీద, ఎక్కడ పడితే అక్కడ మనుషులు. బేకరీ ఆయన పొయ్యి ఆర్పేసి వచ్చాడు.

ఆట ఒక కొలిక్కి రాలేదు. పెనాల్టీలకి వెళ్ళింది. జట్టుకి ఐదు తన్నులు. ఒక్కో తన్నుకీ అత్తగారి గొంతు కొంచెం కొంచెం బొంగురుపోతోంది. నాలుగేసి అయ్యేసరికి ఇద్దరూ సమానం. అవతలివాళ్ళ ఐదోది.

"వస్తోందండీ... ఎత్తు జడ పిల్ల... తన్నింది... ఆపింది! కాలితో ఆపింది! మన చిన్నది కాలు అడ్డం పెట్టిందండీ!"

కొట్లో ఎవరు ఎవరిని కావలించుకున్నారో ఎవరికీ తెలియదు. "ఉండండి, ఉండండి, ఇంకా మన ఐదోది ఉంది!" అని బేకరీ ఆయన అందర్నీ కూర్చోబెట్టాడు.

"ఏమండీ!" స్పీకర్లో అత్తగారి గొంతు మారిపోయింది. "ఇదెక్కడికి పోతోందండీ? గోలు దగ్గర ఉండక బంతి దగ్గరికి నడుస్తోంది! దాని పని అది కాదని ఎవరైనా చెప్పండి దానికి!"

"గోల్‌కీపరు కూడా తన్నచ్చమ్మా!" అని బేకరీ ఆయన ఫోనులోకి అరిచాడు. "అది వేస్తే మనదే కప్పు!"

"అదా వెయ్యాల్సింది? అయ్యో నా తల్లీ... బంతి పెట్టింది. వెనక్కి నడుస్తోంది. గ్లవుజులు తీసి కింద పడేసింది. నేను చూడలేనండీ..."

"చూడవే! నువ్వు కళ్ళు మూసుకుంటే మాకెవరు చెబుతారు?" మామగారు మంచం అంచుకి జరిగారు.

"పరిగెడుతోంది..."

తర్వాత ఒక హోరు. స్పీకరు పగిలిపోతుందేమో అన్నంత హోరు. ఆ హోరు సంతోషమో ఏడుపో పోల్చుకోలేక కొట్లో జనమంతా ఊపిరి బిగబట్టారు.

"ఏమే!" అన్నారు మామగారు. "ఏమైందే?"

"తన్నిందండీ."

"తన్నితే తన్నింది, ఏమైంది?"

"మన చిన్నది తన్నిందండీ..."

"లోపలికెళ్ళిందా లేదా? చెప్పవే, నీకు పుణ్యముంటుంది!"

"లోపలికా? వల చిరిగిందండీ!"

ఆ తర్వాతిది నేను వరసగా చెప్పలేను. డ్రైవరు రోడ్డు మీదికి పరిగెత్తి తన బస్సు హారన్ మోగించడం మొదలెట్టాడు. బేకరీ ఆయన నిన్నటి రొట్టెలన్నీ జనం మీదికి విసిరాడు. ఆ గందరగోళంలో నా కళ్ళు మంచం మీదికి పోయాయి. మంచం ఖాళీగా ఉంది. మామగారు ఇస్త్రీబల్ల అంచు పట్టుకుని, రెండు కాళ్ళ మీద నిటారుగా నిలబడి, చప్పట్లు కొట్టడానికి బల్ల వదిలేశారు.

మర్నాడు మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు కలిసి దిగారు. చిన్నదాని గొంతు బాగానే ఉంది. అత్తగారికే గొంతు పూర్తిగా పోయింది. బేకరీ ఆయన తన ఫోనులో ఆ ఐదో తన్ను నాకు చూపించాడు. బంతి స్తంభానికి తగిలి, గీత మీద ఆగుదామా వద్దా అని ఆలోచించుకుని, నింపాదిగా లోపలికి దొర్లింది. వలకి తెలిసి కూడా ఉండదు. నేను చిన్నదానికేసి చూశాను. అది నాకేసి చూసి, ఎవరికీ చెప్పొద్దన్నట్టు తల ఆడించింది.

అన్నాలయ్యాక చిన్నది మంచం మీద నాన్న పక్కన కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. "అమ్మా, నాన్నకి ఎలా చెప్పావో నాకూ చెప్పవా? నేను వినలేదుగా."

"నీకెందుకే? ఆడింది నువ్వేగా?" అన్నారు అత్తగారు, మూగబోయిన గొంతుతో.

"ఆడేవాళ్ళకి ఆట ఎక్కడ కనిపిస్తుందమ్మా? బంతి ఒక్కటే కనిపిస్తుంది. చెప్పు."

అత్తగారు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టారు. ముందు పోయిన గొంతుతో, తర్వాత చేతులతో, తర్వాత కొట్లో అటూ ఇటూ పరిగెడుతూ మొదటినుంచీ చెప్పుకొచ్చారు. మరకలు, కుట్లు, ఎత్తు జడ పిల్ల, ఇస్త్రీ లేని రిఫరీ. ఆటంతా ఆడిన పిల్ల, ఆ ఆట ఎలా జరిగిందో నోరు తెరుచుకుని వింటోంది. అత్తగారు బంతి పెట్టారు. వెనక్కి నడిచారు. లేని గ్లవుజులు తీసి గచ్చు మీద పడేశారు. పరిగెత్తబోయి, చిన్నదాని మొహంకేసి చూసి ఆగిపోయారు.

చిన్నది గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ముందుకి వంగింది.

"ఊఁ... తర్వాత?" అంది.